పన్నెండోవాడు ఎవరివాడు?

2024 డిసెంబర్ 1, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఇడ్లీ వాయి దించుతుంటే టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ నుంచి మా అక్క కొడుకు ఫోన్. అక్కడ ఇంకా నవంబర్ 30 రాత్రే. గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

"ఓడిపోయాం పిన్నీ. 17-7."

"నువ్వు ఆడావా ఏంట్రా?"

"ఆడినట్టే పిన్నీ. ఇక్కడ స్టూడెంట్లందరం పన్నెండోవాళ్ళమే. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ కూర్చోకూడదు. నిలబడీ నిలబడీ పిక్కలు పట్టేశాయి."

వాడు ఎమ్మెస్ కోసం టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీకి వెళ్ళి ఏడాదిన్నర కూడా కాలేదు. వెళ్ళేముందు వాడికి తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. అలాంటివాడు తెలియని ఆట కోసం, లక్షమందికి పైగా జనంలో నిలబడి గొంతు పోగొట్టుకున్నాడంటే అందులో ఏముందో తెలుసుకోవాలనిపించింది. క్రికెట్ చూసే మనకు పన్నెండోవాడంటే నీళ్ళు, గ్లవ్స్ మోసుకొచ్చేవాడు, ఎవరికైనా దెబ్బ తగిలితే ఫీల్డింగ్‌కి దిగేవాడు. అమెరికా ఫుట్‌బాల్‌లోనూ జట్టుకు పదకొండు మందే. అక్కడ మాత్రం పన్నెండోవాడు గ్యాలరీలో ఉంటాడు. ఈ మాట మాదంటే మాదని ఆ దేశంలో కోర్టు దాకా వెళ్ళారు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనమనుకునే సాకర్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసిరి, ఒకరినొకరు కుమ్ముకుంటూ ఆడే ఆట. అది అక్కడ కాలేజీల్లోనే పెరిగింది. రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీల మధ్య తొలి మ్యాచ్ జరిగింది 1869లో. డబ్బిచ్చి ఆడించే జట్ల సంఘం, అంటే ఇప్పటి ఎన్‌ఎఫ్‌ఎల్, పుట్టింది 1920లో. ఆ మధ్య యాభై ఏళ్ళలో, ఆ తర్వాత కూడా, పాటలు, కేకలు, చేతి గుర్తులు, మస్కట్లు (జట్టుకు గుర్తుగా పెట్టుకునే జంతువులు) ఎక్కువగా విద్యార్థులే, పూర్వ విద్యార్థులే కల్పించుకున్నారు. చాలావరకు ఒక రాత్రి హుషారులో, ఏ కాగితమూ లేకుండా. పుట్టిన తేదీ రాసిపెట్టుకోలేదు కాబట్టే తర్వాత తగాదాలు వచ్చాయి.

పైగా ఈ పంతాలన్నీ ఇరుగుపొరుగు పంతాలు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కి, ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి మధ్య దూరం దాదాపు 170 కిలోమీటర్లు. మొదటిది 1876లో వ్యవసాయం, మెకానికల్ పనులు నేర్పే కాలేజీగా తెరుచుకుంది. చాలాకాలం అక్కడ చదివినవాళ్ళంతా సైనిక శిక్షణ పొందే మగపిల్లలే. రెండోది 1883లో రాజధాని నగరంలో మొదలైంది. పల్లెకీ పట్నానికీ ఉండే ఎడమంతా ఈ రెండు కాలేజీల మధ్యకొచ్చి చేరింది. ఏ అండ్ ఎమ్ వాళ్ళని ఒకప్పుడు "రైతులు" అని పిలిచేవారు, ఇప్పుడు వాళ్ళు తమని "ఆగీలు" అని చెప్పుకుంటారు. ఆస్టిన్ వాళ్ళు "లాంగ్‌హార్న్‌లు", అంటే పొడుగు కొమ్ముల ఎద్దులు. 1894లో తొలిసారి తలపడితే ఆస్టిన్ 38-0తో గెలిచింది. 2012లో ఏ అండ్ ఎమ్ వేరే లీగ్‌కి వెళ్ళిపోవడంతో పదమూడేళ్ళు ఆట ఆగింది. టీవీ డబ్బు దగ్గర వచ్చిన పేచీ అది. ఆస్టిన్ కూడా అదే లీగ్‌లోకి వచ్చాక మళ్ళీ మొదలైన మ్యాచే మా వాడు చూసింది.

ఇక పన్నెండోవాడి కథ. 1922 జనవరి 2, డాలస్. ఏ అండ్ ఎమ్‌కి ఎదురుగా సెంటర్ కాలేజీ. కెంటకీలోని ఈ చిన్న కాలేజీ అంతకు రెండు నెలల ముందే హార్వర్డ్‌ని 6-0తో ఓడించి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. అలాంటి జట్టుతో ఆడుతుంటే ఏ అండ్ ఎమ్ ఆటగాళ్ళు ఒక్కొక్కరే దెబ్బలు తిని బయటికొచ్చేస్తున్నారు. కోచ్ డేనా బైబిల్ వెనక్కి తిరిగి చూస్తే బెంచి మీద మనుషులు కరువైపోతున్నారు. అప్పుడాయనకు ఇ. కింగ్ గిల్ గుర్తొచ్చాడు. గిల్ రెండో ఏడాది విద్యార్థి. ఫుట్‌బాల్ వదిలేసి బాస్కెట్‌బాల్‌కి వెళ్ళిపోయాడు. ఆ రోజు పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చుని, ఎవరు ఏ ఆటగాడో ఒక విలేకరికి చెబుతున్నాడు. కోచ్ కబురు పెడితే కిందికి వచ్చాడు. గ్యాలరీ మెట్ల కిందే, దెబ్బ తిన్న ఒక ఆటగాడు విప్పిన డ్రెస్సు తాను తొడుక్కున్నాడు. వెళ్ళి మైదానం అంచున నిలబడ్డాడు.

అంతే. అతణ్ణి ఆటలోకి దింపే అవసరం రాలేదు. ఏ అండ్ ఎమ్ 22-14తో గెలిచింది. ఆట ముగిసేసరికి ఆ పక్కన మిగిలిన ఆటగాడు గిల్ ఒక్కడే. గెలుపు పరుగు తాను తీశానని చెప్పుకోవాలని ఉందిగానీ అలా జరగలేదని, జట్టుకు కావాల్సి వస్తుందేమోనని నిలబడ్డానంతేనని ఆయనే తర్వాత చెప్పాడు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఆ ఒప్పుకోలే. ఏమీ చేయని మనిషి పేరు మీద వందేళ్ళ ఆనవాయితీ నిలిచింది. అతను చేసింది అందుబాటులో ఉండటం. ఈ రోజు ఏ అండ్ ఎమ్ విద్యార్థులు మ్యాచ్ నడుస్తున్నంతసేపూ నిలబడేది దానికి గుర్తుగానే. పిలిస్తే మేమూ దిగుతాం అని.

ఇప్పుడు పాత కాగితాలు తెరిస్తే ఇబ్బంది మొదలవుతుంది. 1900 సెప్టెంబర్‌లో, గిల్ కథకు ఇరవై ఏళ్ళకు పైగా ముందు, మినెసోటా యూనివర్సిటీ పత్రిక ఒకటి జట్టులోని "పన్నెండోవాడి" ప్రభావం గురించి రాసింది. ఆ పన్నెండోవాడు కేకలేసే అభిమాని. 1912లో అయోవా యూనివర్సిటీ పూర్వ విద్యార్థుల పత్రికలో "పన్నెండో ఆటగాడు" అనే శీర్షికతోనే వ్యాసం వచ్చింది. 1903లో ఇలినాయ్ మీద గెలిచిన మ్యాచ్‌ని తలుచుకుంటూ, పదకొండు మందీ చేయగలిగింది చేశారు, గెలిపించింది మాత్రం పన్నెండోవాడైన అభిమాని అని అందులో ఉంది. అంటే గ్యాలరీలోని జనాన్ని పన్నెండోవాడు అనడం టెక్సస్‌లో పుట్టలేదు. ఇందులో అనుమానం లేదు.

అలాగని ఏ అండ్ ఎమ్ వాళ్ళది అబద్ధమా? కాదు. తగాదా పడేవాళ్ళు వేర్వేరు ప్రశ్నలను ఒకే ప్రశ్న చేసి మాట్లాడుతున్నారు, చిక్కంతా అక్కడే. మాట ముందు ఎవరన్నారు? ఆ మాటకు తగిన పని ముందు ఎవరు చేశారు? ఏడాది తర్వాత ఏడాది వదలకుండా ఎవరు పాటించారు? ఎవరి పేరున నమోదైంది? మొదటిదానికి, దొరికిన కాగితాల ప్రకారం, జవాబు మినెసోటా. రెండోదానికి గిల్. నిజానికి గిల్ మన క్రికెట్ పన్నెండోవాడికి దగ్గరవాడు. కేకలేసే అభిమాని కాడు, డ్రెస్సు వేసుకుని దిగడానికి సిద్ధంగా ఉన్న ఆటగాడు. ఒక ఆటగాడి కథ, అభిమానులకు పెట్టిన పేరు ఈ కాలేజీలో కలిసిపోయాయి. అదీ ఒక్క రోజులో జరగలేదు. 1939లో పూర్వ విద్యార్థుల సంఘం తరఫున మెక్‌క్విలెన్ ఈ కథను రేడియో నాటికగా రాశాక అది జనం నోళ్ళలో బాగా నానింది. 1980లో స్టేడియం దగ్గర గిల్ విగ్రహం పెట్టారు. 1983లో కోచ్ జాకీ షెరిల్, స్కాలర్‌షిప్ లేని మామూలు విద్యార్థులను తీసుకుని కిక్‌ఆఫ్‌కి, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టేటప్పుడు, పరిగెత్తే ప్రత్యేక దళాన్నే తయారు చేశాడు. నిలబడతాం, పిలిస్తే దిగుతాం అన్నవాళ్ళని నిజంగానే దింపాడు. మూడో ప్రశ్నకు జవాబు ఇక వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది కోర్టు వ్యవహారం. సియాటిల్ సీహాక్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు తన అభిమానుల గౌరవార్థం 1984 డిసెంబర్‌లో 12వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేసింది. వాళ్ళ అభిమానుల గోల సామాన్యమైంది కాదు. 2011 జనవరిలో ఒక టచ్‌డౌన్‌కి (బంతిని అవతలి జట్టు గీత దాటించి పాయింట్లు తేవడానికి) వాళ్ళు ఎగిరిన ఎగుళ్ళు దగ్గర్లోని భూకంప యంత్రంలో నమోదయ్యాయి. "పన్నెండోవాడు" అనే మాటకు ట్రేడ్‌మార్క్ మాత్రం ఏ అండ్ ఎమ్ చేతిలో ఉంది. 1989లో దరఖాస్తు చేసి 1990లో పొందింది. 2006 జనవరిలో, సీహాక్స్ తొలిసారి సూపర్ బౌల్‌కి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్‌కి, వెళ్తున్న వారాల్లో, కాలేజీ కేసు వేసింది. మే నెలలో రాజీ కుదిరింది. సీహాక్స్ ఒకేసారి లక్ష డాలర్లు, ఆపైన ఏటా 5,000 డాలర్లు కట్టి ఆ మాట వాడుకోవచ్చు, ట్రేడ్‌మార్క్ ఏ అండ్ ఎమ్‌దేనని ఒప్పుకోవాలి. తర్వాత ఒప్పందం తిరగరాసుకుంటూ వచ్చారు. సియాటిల్ కూడా మెల్లగా ఆ మాట తగ్గించి, తన అభిమానులను "12లు" అని పిలవడం మొదలుపెట్టింది. 2015లో ఇండియానాపోలిస్ కోల్ట్స్ మీదా కేసు పడింది. కొన్ని నెలల్లో రాజీ కుదిరి, వాళ్ళు తమ స్టేడియం గోడ మీది ఆ మాటను తీసేశారు.

మినెసోటా ముందు వాడింది కదా, మరి టెక్సస్‌కి హక్కు ఎలా వచ్చిందని అడగొచ్చు. ట్రేడ్‌మార్క్ పుట్టుకకు ఇచ్చే బహుమతి కాదు. ఒక మాటను సరుకు మీద, టికెట్ మీద, టీ షర్టు మీద ఎవరు నిలకడగా వాడుతున్నారు, ఆ మాట చూడగానే కొనేవాళ్ళకు ఎవరు గుర్తొస్తారు అనేదే అక్కడ లెక్క. మినెసోటా ఒక వాక్యం రాసి వదిలేసింది. ఏ అండ్ ఎమ్ దాని చుట్టూ ఊరిని కట్టుకుంది. ఇంకో సంగతి కూడా ఉంది. హక్కుదారు ఊరుకుంటే ఆ హక్కు పలుచబడుతుంది. అందరూ వాడుతుంటే చూస్తూ కూర్చున్నావు కాబట్టి ఇక ఇది నీ గుర్తు కాదని రేపు అవతలి లాయరు వాదించొచ్చు. అందుకే కొన్నిసార్లు మరీ పట్టుదలగా కనిపించే నోటీసులు కూడా వెళ్తుంటాయి. చట్టం ప్రకారం ఏ అండ్ ఎమ్‌ది సరైన దారే అంటాను. కానీ "ఈ మాటను మేమే పుట్టించాం" అని ఆ చట్టం చెప్పలేదు. ఆ పత్రం చూపించి పుట్టుక కూడా తమదే అనేవాళ్ళు కనిపిస్తే మాత్రం నాకు బాధగా ఉంటుంది. గిల్ చెప్పుకోనిదాన్ని అతని పేరు మీద చెప్పుకోవడం అది.

ఆస్టిన్ వాళ్ళ ఎద్దు పేరు మీది తగాదా దీనికంటే రుచిగా ఉంటుంది. ఆ ఎద్దు పేరు బీవో. తరతరాలుగా చెప్పుకునే కథ ఇది. 1915లో ఏ అండ్ ఎమ్ 13-0తో గెలిచింది. ఆ గెలుపు మరిచిపోకుండా ఉండాలని, 1917 ఫిబ్రవరిలో కొందరు ఆగీలు రాత్రిపూట ఆస్టిన్ వెళ్ళి, ఎర్రగా కాల్చిన ఇనుముతో ఎద్దు డొక్క మీద 13-0 అని వాత పెట్టారు. ఆ అవమానం భరించలేక ఆస్టిన్ విద్యార్థులు దాన్నే మార్చేశారట. 1ని 3కి కలిపితే ఇంగ్లిష్ 'బి'. మధ్యలోని అడ్డగీతకు ఇంకొన్ని గీతలు చేరిస్తే 'ఇ'. పక్కన ఒక 'వి' ఇరికిస్తే, సున్నా ఎలాగూ 'ఓ'. అలా బీవో. కాగితం మీద గీసి చూశాను. నిజంగానే కుదురుతుంది. ఇంత చక్కగా కుదరబట్టే జనం నమ్మారు.

కానీ తేదీలు కుదరవు. ఆ ఎద్దును తొలిసారి మైదానంలోకి తెచ్చింది 1916 నవంబర్‌లో, థాంక్స్ గివింగ్ పండుగ రోజున. ఆ మ్యాచ్‌లో ఆస్టిన్ 21-7తో గెలిచింది. తర్వాతి నెలలోనే, అంటే 1916 డిసెంబర్‌లో, వాళ్ళ పూర్వ విద్యార్థుల పత్రిక ఆల్కాల్డే ఎద్దు పేరు బీవో అని అచ్చు వేసింది. వాత పడటానికి రెండు నెలల ముందే. వాతను మార్చడం వల్ల పేరు పుట్టే వీలు లేదు. అప్పట్లో అమ్మిన బీవో అనే మద్యం లేని పానీయం నుంచి వచ్చిందని కొందరంటారు. మాంసానికి పెంచే పశువును "బీవ్" అంటారు కాబట్టి, ఆనాటి కార్టూన్ల ఫ్యాషన్ ప్రకారం చివర 'ఓ' తగిలించారని ఇంకొందరంటారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. రెండింటిలో ఏదైనా సరే, ఆగీల వాత నుంచి పేరు వచ్చిందనే కథ మాత్రం నిలబడదు. అచ్చులో తేదీ అంత స్పష్టంగా ఉన్నా ఆ కథ ఇంకా చెబుతూనే ఉన్నారు, ఎందుకంటే అది రెండు పక్షాలకీ పనికొస్తుంది. మీ ఎద్దుకు పేరు పెట్టింది మేమే అని వీళ్ళు, మీ వెక్కిరింతనే మా పేరుగా మార్చుకున్నాం అని వాళ్ళు.

ఆ ఎద్దు చివరి రోజు గురించి తగాదా లేదు. మేపడం బరువై, 1920 జనవరిలో దాన్ని కోసి విందు చేశారు. ఏ అండ్ ఎమ్ వాళ్ళనీ పిలిచారు. 13-0 వాత ఉన్న వైపు మాంసం వాళ్ళకు వడ్డించి, వాత ఉన్న ఆ తోలు కూడా వాళ్ళకే ఇచ్చారు.

చేతి గుర్తుల దగ్గర విచిత్రమైన సంగతి ఒకటుంది. ఏ అండ్ ఎమ్ వాళ్ళు బొటనవేలు పైకెత్తి "గిగ్ ఎమ్" అంటారు. గిగ్ అంటే కప్పల్ని గుచ్చే బల్లెం లాంటి పనిముట్టు. 1930లో టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీతో మ్యాచ్‌కి ముందు పింకీ డౌన్స్ అనే పూర్వ విద్యార్థి, ఆ జట్టు మస్కట్ కొమ్ముల కప్ప కాబట్టి, ఆ కప్పల్ని ఏం చేద్దాం అని అడిగి తానే ఈ జవాబు చెప్పాడు. ఆస్టిన్ వాళ్ళది కొమ్ముల గుర్తు. చూపుడు వేలు, చిటికెన వేలు పైకి నిలిపి, మధ్య రెండు వేళ్ళను బొటనవేలితో అదిమిపట్టాలి. చూడటానికి మన అపాన ముద్రలా ఉంటుంది. 1955లో హార్లీ క్లార్క్ అనే విద్యార్థి దాన్ని నలుగురిలో మొదట చూపింది కూడా అదే టెక్సస్ క్రిస్టియన్‌తో మ్యాచ్‌కి ముందు రాత్రే. ఆ మ్యాచ్‌లో ఆస్టిన్ 47-20తో చిత్తుగా ఓడింది. రెండు శత్రు కాలేజీల గుర్తులూ మూడో కాలేజీ మీదకు వెళ్తూ పుట్టాయి. ఈ రోజు ఒకరి గుర్తును ఒకరు తలకిందులు చేసి వెక్కిరించుకునేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

టెక్సస్ దాటితే ఒహాయో, మిషిగన్. ఒహాయో స్టేట్ బ్యాండు వాళ్ళు మైదానంలో వరసగా నడుస్తూ, కలిపిరాతలో "ఒహాయో" అని తమ మనుషులతోనే రాస్తారు. చివర్లో సూసాఫోన్ అనే పెద్ద ఇత్తడి వాయిద్యం మోస్తున్న విద్యార్థి ఒకరు కదం తొక్కుతూ వెళ్ళి 'ఐ' మీద చుక్కగా నిలబడతాడు. వాళ్ళకు అంతకంటే గౌరవం లేదు. ఇది 1936 అక్టోబర్‌లో యూజీన్ వైగెల్ నడిపిన బ్యాండుతో మొదలైంది. అయితే 1932లోనే, అదే స్టేడియంలో, బద్ధ శత్రువైన మిషిగన్ బ్యాండు "ఒహాయో" అని కలిపిరాతలో నిలబడి చూపించింది. మిషిగన్ వాళ్ళు ఇది గుర్తు చేయడం మానరు. ఇక్కడ నా మొగ్గు ఒహాయో వైపు. మిషిగన్ వాళ్ళు వచ్చిన ఊరికి మర్యాదగా ఒకసారి ఆ పేరు రాశారు. ఒకరి వెనక ఒకరు నడుస్తూ, కలం కదిలినట్టు అక్షరం రూపు కట్టడం, చివరికి ఆ చుక్క, ఇవన్నీ ఒహాయో వాళ్ళు చేర్చినవే. చుక్కగా నిలిచే పని సూసాఫోన్‌కి దక్కింది కూడా మరుసటి ఏడాది, 1937లో.

పూర్వ విద్యార్థులను ఏటా కాలేజీకి పిలిచే "హోమ్‌కమింగ్" ముందు ఎవరిదన్న లెక్క కూడా ఇలాంటిదే. బేలర్ యూనివర్సిటీ 1909లో చేసింది, మళ్ళీ 1915 దాకా చేయలేదు. ఇలినాయ్ 1910లో చేసింది. 1911లో చేసిన మిజోరీ కూడా తొలి హోమ్‌కమింగ్ తనదే అంటుంది. ఆ 1911 మ్యాచ్ మిజోరీ, కాన్సస్ మధ్య జరిగింది. ఈ రెండిటి పగ ఫుట్‌బాల్ కంటే పాతది. బానిసత్వం గొడవల్లో ఆ సరిహద్దు పొడుగునా ఊళ్ళు తగలబడ్డాయి. 1863లో, ఇప్పుడు కాన్సస్ యూనివర్సిటీ ఉన్న లారెన్స్ ఊరి మీదే దాడి జరిగి దాదాపు 150 మంది చనిపోయారు. అంత చరిత్ర ఉన్నచోట మ్యాచ్ ఫలితం మీద కూడా ఒప్పుదల కుదరలేదు. 1960లో కాన్సస్ 23-7తో గెలిచింది. తర్వాత ఒక ఆటగాడికి అర్హత లేదని తేలి లీగ్ ఆ గెలుపును మిజోరీకి రాసింది. కాన్సస్ తన పుస్తకాల్లో దాన్ని ఇప్పటికీ గెలుపుగానే ఉంచుకుంది.

మళ్ళీ టెక్సస్‌కి వస్తాను. ఆగీలకు ఇంకో ఆనవాయితీ ఉండేది. ఆస్టిన్‌తో మ్యాచ్‌కి ముందు పెద్ద భోగిమంట. గత శతాబ్దం తొలి ఏళ్ళలో చెత్తాచెదారం తగలబెట్టడంతో మొదలై, చివరికి విద్యార్థులే అడవిలో నరికి తెచ్చిన వేల దుంగలను అంతస్తులుగా పేర్చేదాకా పెరిగింది. 1999 నవంబర్ 18 తెల్లవారుజామున, ఇంకా కడుతుండగానే అది కూలిపోయింది. 12 మంది చనిపోయారు. 27 మంది గాయపడ్డారు. ఆ తర్వాత యూనివర్సిటీ క్యాంపస్‌లో ఆ మంట మళ్ళీ వెలగలేదు.

ఎనిమిది రోజులకు, నవంబర్ 26న, మ్యాచ్ జరిగింది. ఏ అండ్ ఎమ్ 20-16తో గెలిచింది. ఆ రోజు విరామ సమయంలో ఆస్టిన్ బ్యాండు మైదానంలోకి వచ్చింది. ఆస్టిన్ వాళ్ళ జట్టు పాటకు ఆధారం "ట్యాప్స్". సైనికుల అంత్యక్రియల్లో బాకా మీద నెమ్మదిగా ఊదే రాగం అది. దాన్నే వడిగా, హుషారుగా చేసి ఆస్టిన్ వాళ్ళు ప్రతి మ్యాచ్‌లో వాయిస్తారు. ఆ రోజు మాత్రం దాన్ని పాత పద్ధతిలో, మెల్లగా వాయించారు. వాయించాక టోపీలు తీసి చేత్తో పట్టుకుని ఆగీల ముందు నిలబడ్డారు.